చెరువు మీద ఇల్లు, ఇంట్లో చెరువు

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. అంతటితో ఊరుకోకుండా మంచి చెరువుకు 12 లక్షణాలుండాలనీ, 6 దోషాలు ఉండకూడదనీ రాతి మీద చెక్కించి మరీ పోయాడు. అంత ముందుచూపున్న మనిషి పెరటి కొలనుకు నీళ్లు ఇంకకుండా ఎన్ని మైక్రాన్ల మందం షీటు వేయాలో మాత్రం చెప్పలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం.

పూడ్చడమంటే మనకు కొత్త కాదు. హైదరాబాద్ శివార్లలో ‘లేక్ వ్యూ’ అని అమ్మిన విల్లా కిటికీలోంచి చూస్తే కనిపించేది ఎదుటి విల్లా. లేక్ ఎక్కడండీ అని అడగకూడదు, దాని మీద నిలబడే అడుగుతున్నాం కాబట్టి. కాలనీ గేటు పక్కన కట్టమైసమ్మ గుడి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తల్లి కాపలా కాసిన కట్ట ఏమైందని బోనం ఎత్తుకొచ్చినవాళ్లలో ఒక్కరూ అడగరు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) అన్న మూడక్షరాలు వినిపిస్తే చాలు, టాపిక్ మార్చి పిల్లల చదువుల గురించి మాట్లాడతారు. ఏదేమైనా నీటి మీద మమకారం పోయేది కాదు. అందుకే ప్రతి యజమానీ పెరట్లో పదడుగుల పొడవున గొయ్యి తీసి, కలువలు, రంగు చేపలు, ధ్యానంలో ఉన్న బుద్ధుడితో సొంత చెరువు కట్టుకుంటున్నాడు. పెద్ద చెరువు పోయి పిల్ల చెరువులు పుట్టుకొస్తున్నాయంటే వికేంద్రీకరణ జరిగినట్టే కదా.

ముందు కొలతలు. పొడవు 10 అడుగులు, వెడల్పు 6, లోతు 2 అనుకుందాం. యజమాని చదివింది ఇంజనీరింగే కాబట్టి పదారులు అరవై అని 60 చదరపు అడుగుల షీటు ఆర్డరిచ్చేస్తాడు. కానీ షీటు పక్కగోడ దిగాలి, అడుగున పరుచుకోవాలి, అవతలి గోడ ఎక్కాలి, ఒడ్డు దాటి ఇంకో అడుగు బయటికొచ్చి మట్టిలో కూరుకోవాలి. కాబట్టి పొడవుకు లోతు రెండుసార్లు కలపాలి, రెండు ఒడ్లకూ చెరో అడుగు కలపాలి. 10, 4, 2 కలిస్తే 16. వెడల్పూ అంతే: 6, 4, 2 కలిస్తే 12. మొత్తం 192 చదరపు అడుగులు.

అరవై అడుగుల నీటికి 192 అడుగుల షీటా అని గుండెలు బాదుకోనక్కర్లేదు. 1,800 అడుగుల ఫ్లాటుకు డబ్బు కట్టి, తలుపు తీస్తే 1,300 అడుగులే ఉన్నా నోరెత్తనివాళ్లం మనం. లిఫ్టు ముందున్న చోటుకూ, మెట్లకూ, వాచ్‌మన్ కుర్చీ వేసుకునే మూలకూ వాటా చెల్లించినవాళ్లం. ఇక్కడ కనీసం కొన్న ప్రతి అడుగూ మన గోతిలోనే ఉంటుంది.

కొలను జీడిపప్పు ఆకారంలో ఉండాలని ఆర్కిటెక్టు పట్టుబడతాడు. ఉండనివ్వండి. షీటు మాత్రం ఆ జీడిపప్పు చుట్టూ పట్టే దీర్ఘచతురస్రానికే కొలవాలి. కుండీలు పెట్టుకోవడానికి లోపల మెట్లు చెక్కినా లెక్క మారదు, అన్నిటికన్నా లోతైన చోటు పట్టుకుంటే సరిపోతుంది. అసలు టేపు పట్టాల్సింది గొయ్యి తవ్వాక. తవ్వకముందే షీటు కొన్నవాళ్లు తర్వాత షీటుకు తగ్గట్టు గొయ్యిని పూడుస్తారు. పైన చెప్పినట్టు, అందులో అనుభవానికి కొదవ లేదు.

ఇక షీటు ఎంపిక. అందరికన్నా ముందు గుర్తొచ్చేది ఫ్లెక్సీ. ఖర్చుండదు, నాయకుడి పుట్టినరోజు మర్నాడు చౌరస్తా దాకా వెళ్లొస్తే చాలు. నవ్వు పైకి కనిపించేలా పరవాలా, మట్టికి ఆనించాలా అన్నది మీ పార్టీని బట్టి ఉంటుంది. అయితే ఎండకు పెళుసెక్కి మడత పడ్డచోటల్లా పగులుతుంది. ధాన్యం రాశుల మీద కప్పే బరకం కాస్త నయమనుకుంటారు గానీ, అది పైనుంచి పడి జారిపోయే వానను ఆపడానికి పుట్టింది. నెలల తరబడి నిలిచే నీళ్లకు అతుకుల దగ్గర లొంగిపోతుంది.

రైతుల నీటి కుంటల్లో వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు నిజంగానే గట్టిది. కాకపోతే బిరుసు. ఎకరం పొలంలో కుంటకు ఒదిగినంత చక్కగా జీడిపప్పు మూలల్లో ఒదగదు. అయినా కొందామని దుకాణానికి వెళ్తే సంభాషణ ఇలా నడుస్తుంది.

“ఎంత మందం బాబూ?”

“ఫుల్ హెవీ సార్.”

“హెవీ సరే, ఎన్ని మైక్రాన్లు?”

“హెవీ మైక్రాన్లే సార్. నిన్ననే ఒక ఎమ్మెల్యే గారింటికి వెళ్లింది.”

ఎమ్మెల్యే పేరు చెప్పాక మైక్రాన్లు అడగడం మర్యాద కాదు. మర్యాద పక్కన పెట్టగలిగితే ఒక చదరపు మీటరు ముక్క తూకం వేయించండి. 500 మైక్రాన్లంటే అర మిల్లీమీటరు. ఆ ముక్క ఇంచుమించు 470 గ్రాములు తూగాలి. 300 గ్రాములు తూగితే హెవీగా ఉన్నది మాటే.

అన్నిటికన్నా మేలైనది ఈపీడీఎం రబ్బరు షీటు. మందం మిల్లీమీటరు, ఆపైన. సాగుతుంది, మూలల్లోకి ఒదుగుతుంది, ఎండకు భయపడదు, దశాబ్దాలు ఉంటుంది. ధర వినగానే యజమాని మొహం రంగు మారుతుంది. బుద్ధుడికి బేరమాడలేదు, రంగుల లైట్ల ఫౌంటెన్‌కు బేరమాడలేదు, తెల్ల గులకరాళ్లు బస్తాల లెక్కన తెప్పించాడు. కొలనులో ఎవరి కంటా పడకుండా పనిచేసేది షీటొక్కటే గనక బేరం దాని దగ్గరే మొదలవుతుంది. ఇలాంటివాళ్ల కోసమే భవదూరుడు ఆరు దోషాల జాబితాలో గట్టు నుంచి నీళ్లు కారడాన్నీ చేర్చాడు.

ఎక్కడ తవ్వాలో వాస్తు పండితుడు చెబుతాడు. ఈశాన్యం. స్థలం వాలు కూడా అటే అయితే కారు కడిగిన నీళ్లు, గడ్డికి కొట్టిన మందు అన్నీ చేపల దగ్గరికే వస్తాయి. ఒడ్డు చుట్టూ ఒకే మట్టంలో ఉండాలన్న సంగతి మేస్త్రికి తెలుసు, చేతిలో నీళ్ల ట్యూబు కూడా ఉంది, కానీ అతన్ని అడిగేదెవరు? రెండంగుళాల తేడా వచ్చిందంటే ఒక పక్క నీళ్లు పొర్లుతాయి, రెండో పక్క నల్ల షీటు బయటపడి ఎండుతుంది. షీటు కింద రాళ్లూ వేర్లూ ఏరేసి రెండంగుళాల ఇసుక పరవాలి. నీళ్లు నింపి, బరువుకు షీటు సర్దుకున్నాకే అంచులు కత్తిరించాలి. ఫొటోలకు అడ్డొస్తోందని ముందే కత్తిరించేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

శాసనం ప్రకారం రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమే. ఈశాన్యం మూలంటే పక్కింటివాళ్ల కాంపౌండ్ గోడ పక్కనే. వాళ్ల గోడకు చెమ్మ వస్తే యుద్ధం, రాకపోయినా దోమల మీద యుద్ధం. దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదిలామన్నా వినరు. వాళ్ల అత్తగారికి జ్వరం వచ్చింది, చేపలు సాక్ష్యం చెప్పలేవు.

ఇవన్నీ దాటుకుని, అసలైన ఈపీడీఎం వేసి, ఒడ్డు మట్టం చూసుకుని, ఇసుక పరిచి శాస్త్రప్రకారం కట్టిన కొలను ఒకటి మా వైపు ఉంది. ఆగస్టు వానలకు దాని నడిమధ్య షీటు బుడగలా పైకి లేచింది, మీదున్న బుద్ధుడు పక్కకు ఒరిగాడు. చెరువు మధ్యలో మిట్ట ఉండకూడదన్నది కూడా ఆ ఆరు దోషాల్లో ఒకటే. షీటు అమ్మినవాణ్ని నాలుగు తిట్టారు గానీ పాపం వాడి తప్పేం లేదు. మంచి చెరువుకు గట్టి బంకమట్టి నేల ఉండాలని శాసనం పన్నెండు లక్షణాల్లో చెప్పింది. ఇక్కడి పాత చెరువుకు అలాంటి నేల ఉండేది. నీటిని ఇంకనివ్వని ఆ బంకమన్ను మీద మొరం పోసి, రోలరు తిప్పి, ప్లాట్లు చేశారు. వాన నీళ్లు మొరంలోంచి దిగి, ఎప్పటి బంకమన్ను మీదే ఎప్పట్లాగే నిలబడ్డాయి. అవి పెరిగేకొద్దీ షీటును కిందినుంచి పైకి నెడుతున్నాయి. ఫ్రీగా వచ్చిన మట్టి లైనర్ మీద డబ్బు పోసి కొన్న రబ్బరు లైనర్ తేలుతోందన్నమాట.

పెద్ద బండరాళ్లు పెడితే ఆగుతుందని ఒకరు, షీటుకు చిల్లు పెడితే పోతుందని ఇంకొకరు సలహా ఇచ్చారు. చిల్లు పెడితే ఇంత ఖర్చు ఎందుకు పెట్టినట్టని ఇంటావిడ అడ్డుపడింది. ప్రస్తుతం ఆ యజమాని ఒక మూల గుంట తీసి, మోటారు బిగించి, షీటు కింది నీళ్లు తోడి షీటు మీద పోస్తున్నాడు. కరెంటు పోయినప్పుడు చూసుకోవడానికి జనరేటర్ కొటేషన్ అడిగాడు.