లెప్రేరియా వారికి ఒక విన్నపం

అయ్యా, లేదా అమ్మా (అది కూడా తేల్చనివ్వరు కదా మీరు),

లైకెన్లంటే శిలీంధ్రం, శైవలం కలిసి కాపురం చేసే జీవులు, వాటిలో మీదొక ప్రజాతి. అభయారణ్యంలో ఆ లైకెన్ల సర్వేకి వచ్చి మీ దగ్గర ఆగిపోయిన వాళ్లందరి తరఫున రాస్తున్నాను. నీడపట్టున ఏ చెట్టు మొదలు చూసినా, ఏ బండ కిందికి వంగినా మీరే. పౌడర్ డబ్బా ఒలికినట్టు లేత ఆకుపచ్చ పొడి. పది రెట్ల లెన్సు కంటికి ఆనించి, ముక్కు బెరడుకు రాసుకునేలా చూస్తే ఏం కనిపిస్తుంది? అదే పొడి, కాస్త పెద్దగా.

మీ ఇరుగుపొరుగు లైకెన్లను చూసైనా నేర్చుకోరే! గ్రాఫిస్ నల్లటి గీతలు గీసి మరీ పరిచయం చేసుకుంటుంది. క్లాడోనియా బుల్లి గిన్నెలు పైకెత్తి నిలబడుతుంది. మీకేమో ఫలనాంగాలంటే నామోషీ. కాస్త శిలీంధ్రం, కాస్త శైవలం ఉండకట్టి రాలిపోతే చాలు, మీ సంసారం సాగిపోతుంది. ఫలనాంగాల్లోని సిద్ధబీజాలు కొలిచి పేరు పెట్టేవాళ్ల గతేం కాను?

1866లో లైకెన్ల శాస్త్రవేత్త నైలాండర్ రసాయన పరీక్షలు నేర్పి పుణ్యం కట్టుకున్నాడు. పొటాషియం హైడ్రాక్సైడ్ పడితే మీలో కొందరు పసుపెక్కుతారు, కొందరు ఉలకరు పలకరు. చివరికి మిమ్మల్ని అసిటోన్‌లో నానబెట్టి, ఆ సారాన్ని సిలికా పలక మీద పాకించి, సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడిచేస్తేగానీ గుట్టు బయటపడదు. మీరు చుక్కలు చూపిస్తారనడం నింద కాదు, ఆ పలక మీద కనబడేవి అవే. ల్యాబ్ ఖర్చుకి మాత్రం బడ్జెట్‌లో చోటుండదు. ప్రారంభ సభ బ్యానర్‌కి ఉంటుంది.

అనుమతి ఫారంలో "సేకరించబోయే జాతుల పేర్లు" అని ఒక గడి. పేర్లు తెలుసుకోడానికే కదండీ సర్వే అంటే, "తెలియనివాటికి పర్మిషన్ ఎలా ఇస్తాం?" అన్నారు. లాజిక్ బాగానే ఉంది. పెద్ద జంతువులు నయం, కెమెరా ముందు నడిచి వెళ్తే పనైపోతుంది.

చెట్టుకి నాలుగు దిక్కులా ఐదేసి గడుల చట్రాలు కట్టాం, గడికి పది సెంటీమీటర్లు. ఎక్కువ గడుల్లో మీరే ఉన్నా, జాబితాలో మీకు దక్కింది ఒక్క వరసే: "లెప్రేరియా, జాతి తేలలేదు". అడవిలో జాతులెన్నో చెప్పే మొత్తంలో మిమ్మల్ని ఒకటిగా కలిపేశాం. అక్కడ మీరు ఇద్దరున్నారో, ఐదుగురో!

రిపోర్టు చదివిన పైఅధికారి "ఈ తేలనివి ఎన్ని రకాలు? వారంలో తెలపండి" అని మెమో పంపారు. జత చేస్తున్నాను. జవాబు మీరే రాయండి, కింద సంతకం పెట్టడం మర్చిపోకండి.

ఇట్లు,
చెట్టు మొదట్లో మోకాళ్ల మీదున్న సర్వేయరు