ఇంట్లో ఉండే మనిషికీ ఒక టికెట్: మ్యూనిక్‌లో తెలుగు జంటల సెలవు రోజులు

ఉద్యోగం మీద మ్యూనిక్ వచ్చే తెలుగు జంటలు చాలామంది మొదటి ఏడాది ఒకే తీరుగా తిరుగుతారు. వరుసగా నాలుగు సెలవులు దొరికితే పారిస్, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్. మిగతా శని, ఆదివారాలు సరుకులకూ నిద్రకూ సరిపోతాయి. ఫోన్‌లో దేశాల ఫొటోలు పెరుగుతాయి గానీ ఉంటున్న ఊరు మాత్రం పరాయిగానే ఉండిపోతుంది. ఈ లోటు ఎక్కువగా పడేది ఇంట్లో ఉండే మనిషి మీద. చాలా ఇళ్లలో అది భార్య, కొన్నిచోట్ల భర్త. టికెట్లూ దార్లూ అన్నీ ఒకరికే తెలిసినప్పుడు రెండోవారు వెనకాల నడవడానికి అలవాటు పడిపోతారు. నా ఉద్దేశంలో ఒక జంట విహారం ఎలా సాగుతోందో చెప్పే పరీక్ష ఒక్కటే: ఇంట్లో ఉండే మనిషి మంగళవారం పొద్దున ఒక్కరే బయల్దేరి, కావాల్సిన చోటు చూసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరగలరా?

దీనికి మొదట కావాల్సింది టికెట్. 2023 మేలో 49 యూరోలతో మొదలైన డాయిచ్‌లాండ్ టికెట్ 2025లో 58, 2026 జనవరి నుంచి 63 యూరోలైంది. జర్మనీలో ఏ ఊళ్లోనైనా బస్సు, ట్రామ్, యు-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (సబర్బన్ రైలు), ప్రాంతీయ రైళ్లు నెలంతా ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రాంత రైళ్లకు పనికిరాదు. చాలా కంపెనీలు ఉద్యోగికి ఇందులో కొంత భరిస్తాయి కాబట్టి ఒకరి దగ్గర అది ఎలాగూ ఉంటుంది. రెండోవారు ‘నెలలో నాలుగుసార్లు కూడా వెళ్లను, విడిగా కొనుక్కుంటే చాలు’ అనుకుంటారు. డబ్బు లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ గడప దాటిన ప్రతిసారీ ఛార్జీల జోన్లు చూసుకుని యూరోలు లెక్కపెట్టుకోవాల్సిన మనిషి కొన్నాళ్లకు దాటడమే మానేస్తారు. మొదటి ఆరు నెలలైనా చెరొకటి తీసుకోవాలి. పేరు మీద ఇచ్చేది కనుక ఒకరిది ఇంకొకరు వాడటానికి లేదు, తనిఖీలో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కూడా అడుగుతారు. నెలనెలా దానంతటదే కొనసాగే చందా ఇది. ఆపాలంటే ఆ నెల 10లోపు రద్దు చేయాలి, 11న గుర్తొస్తే వచ్చే నెల సొమ్మూ కట్టాల్సిందే. సెలవుకు ఇండియా వెళ్లేవాళ్లు తరచూ మరిచిపోయేది ఇదే. టికెట్ ఫోన్‌లో ఉన్నప్పుడు ఛార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే లెక్క, 60 యూరోల జరిమానా రాస్తారు. తర్వాత టికెట్ చూపిస్తే చాలావరకు తగ్గిస్తారు గానీ, అంత తిరుగుడు కంటే సంచిలో పవర్ బ్యాంక్ ఉంచుకోవడం నయం.

ఒంటరిగా తొలిసారి వెళ్లడానికి టెగర్న్‌జే సరస్సు మంచి చోటు. మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి గంట ప్రయాణం, దిగి కాసేపు నడిస్తే నీటి ఒడ్డు. అయితే ఈ దారిలో కొత్తవాళ్లను కంగారు పెట్టే సంగతి ఒకటుంది: రైలు మధ్యలో విడిపోతుంది. చాలా సర్వీసులు మూడు భాగాలు కలిసి బయల్దేరతాయి. హోల్ట్స్‌కిర్షెన్‌లో ఒక భాగం విడిపోయి బయ్‌రిష్‌ట్సెల్ వైపు పోతుంది. మిగిలిన రెండూ షాఫ్ట్‌లాహ్ దాకా కలిసి వెళ్లి అక్కడ విడిపోతాయి. ఒకటి లెంగ్రీస్‌కు, ఇంకొకటి టెగర్న్‌జేకు. రైలు లోపల నుంచి ఒక భాగంలోంచి మరో దాంట్లోకి వెళ్లే దారి ఉండదు. అందుకని ఎక్కేముందే రెండు చూసుకోవాలి: ప్లాట్‌ఫారం బోర్డు మీద మన భాగం ఏ అక్షరం దగ్గర ఆగుతుందన్నది, పెట్టె మీది బోర్డులో ఏ ఊరి పేరు వెలుగుతోందన్నది. తప్పు పెట్టె ఎక్కామని తెలిస్తే విడిపోయే స్టేషన్‌లో చటుక్కున దిగి, ప్లాట్‌ఫారం మీదుగా నడిచి సరైన దాంట్లో ఎక్కాలి. అప్పటికీ పొరపాటున లెంగ్రీస్ చేరినా కంగారు అక్కర్లేదు. టికెట్ అక్కడా చెల్లుతుంది, పోయేది కాస్త సమయం.

కొండదారి పట్టాలనుకుంటే పసుపు బోర్డుల మీద రాసిన సమయంలో విశ్రాంతి కలపరని గుర్తుంచుకోవాలి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో నీలం గుర్తు తేలిక దారికి, ఎరుపు మధ్యస్థానికి, నలుపు కష్టమైనదానికి. కొండ మీది హోటళ్లలో కార్డు తీసుకోనివి ఇంకా ఉన్నాయి, నోట్లు దగ్గరుండాలి.

అదే డాయిచ్‌లాండ్ టికెట్‌తో ప్రాంతీయ రైల్లో ఆస్ట్రియాలోని జాల్ట్స్‌బుర్గ్ ప్రధాన స్టేషన్ దాకా వెళ్లొచ్చు. రెండు గంటలు కాస్త అటూఇటూగా 1756లో సంగీతకారుడు మోట్సార్ట్ పుట్టిన వీధిలో ఉంటాం. అదనంగా పైసా కట్టక్కర్లేదు, సరిహద్దు దాటినట్టే అనిపించదు. అందుకే పాస్‌పోర్టు ఇంట్లో వదిలేస్తారు. వెళ్లేటప్పుడు బహుశా ఎవరూ అడగరు, ఇబ్బంది తిరుగు ప్రయాణంలో వస్తుంది. ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ 2015 నుంచి తనిఖీలు చేస్తోంది, 2024 సెప్టెంబరులో వాటిని అన్ని భూసరిహద్దులకూ విస్తరించింది. జర్మనీ వైపు సరిహద్దు స్టేషన్ ఫ్రైలాసింగ్‌లో పోలీసులు రైలెక్కినప్పుడు పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ అసలువే చూపాలి. ఫోన్‌లో ఫొటో ఉందంటే కుదరదు. జంటలో ఇద్దరి కార్డుల గడువులు వేరువేరుగా ఉంటాయి, బయల్దేరే ముందు రెండూ చూసుకోవాలి. కార్డు గడువు తీరి, కొత్తది రాకముందు ఇచ్చే తాత్కాలిక పత్రం చేతిలో ఉంటే, అందులో నివాస చట్టం 81వ సెక్షన్‌లోని ఏ ఉపసెక్షన్‌కు టిక్ పెట్టారో చూడాలి. నాలుగోదైతే జర్మనీకి తిరిగి రావచ్చు. మూడోదైతే దేశం దాటవద్దు.

ఆదివారం సంగతి వేరు. శనివారం రాత్రి 8కి దుకాణాలు కట్టేస్తే మళ్లీ సోమవారమే, పాలూ పెరుగూ ముందే తెచ్చుకోవాలి. ఆ రోజు మ్యూనిక్ ఇచ్చే వరం ఒక యూరో మ్యూజియం టికెట్. ఆల్టె పినకోటెక్, పినకోటెక్ డెర్ మోడర్నె, బ్రాండ్‌హోర్స్ట్, బవేరియా నేషనల్ మ్యూజియం ఈ ధరకే చూడొచ్చు. ఇందులో డబ్బు ఆదా కంటే పెద్ద లాభం ఒకటుంది. పూర్తి ధర పెట్టినవాళ్లు అన్ని గదులూ చూసెయ్యాలని తిరిగి, కాళ్లు లాగి, మళ్లీ ఆ వైపు పోరు. ఒక యూరోకైతే ఆల్టె పినకోటెక్‌లో చిత్రకారుడు డ్యూరర్ 1500లో గీసుకున్న సొంత చిత్రం ముందు పావుగంట నిలబడి వచ్చేయొచ్చు, మరో ఆదివారం ఇంకో చిత్రకారుడు రూబెన్స్ గదికి వెళ్లొచ్చు. వెళ్లేముందు ఎస్-బాన్ నడుస్తోందో లేదో చూసుకోవాలి. ఊరి మధ్య సొరంగ మార్గాన్ని పనుల కోసం వారాంతాల్లో తరచూ మూస్తారు, అప్పుడు యు-బాన్ మీదో ప్రత్యామ్నాయ బస్సుల మీదో ఆధారపడాలి.

బీర్ గార్డెన్ అనగానే మద్యం తాగని జంటలు, శాకాహారులు మనకు కాదులే అనుకుంటారు. అది పొరపాటు. బవేరియా రాజు మాక్స్ జోసెఫ్ 1812లో బీరు తయారీదార్లకు తోటల్లో బీరు అమ్ముకోనిచ్చాడు గానీ భోజనం అమ్మనివ్వలేదు. జనం ఎవరి తిండి వారు తెచ్చుకోవడం అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది. గుడ్డ పరచని బల్ల దగ్గర కూర్చుని మన పులిహోర, దద్దోజనం డబ్బాలు నిశ్చింతగా విప్పుకోవచ్చు. తాగేది మాత్రం అక్కడే కొనాలి. ఆపిల్ రసం, సోడా కలిపిన షోర్లె చాలు. గ్లాసుకు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగిచ్చి డబ్బు అడిగి తీసుకోవాలి. గుడ్డ పరిచిన బల్లల దగ్గర వడ్డించేవాళ్లుంటారు, అక్కడ ఇంటి తిండి తీయకూడదు. పక్కన ఖాళీ ఉంటే ఎవరైనా ‘ఇక్కడ కూర్చోవచ్చా’ అని అడిగి కూర్చుంటారు. భాష నేర్చుకునే మనిషికి క్లాసులో దొరకని మాటలు ఆ బల్ల దగ్గర దొరుకుతాయి.

వేసవిలో అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చినప్పుడు ఇదంతా అక్కరకొస్తుంది. ఆఫీసుకు వెళ్లేవారికి సెలవు దొరకదు, పెద్దవాళ్లను తిప్పే పని ఇంట్లో ఉండేవారిదే. నెల చందా లేని అతిథులకు బవేరియాలో ఒక రోజు తిరగడానికి ఇచ్చే బయర్న్ టికెట్ నయం. ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా వెళ్లొచ్చు, మనిషి పెరిగేకొద్దీ ధర కొద్దిగా పెరుగుతుంది. పనిరోజుల్లో పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది కాబట్టి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు సమయం బుక్ చేసేటప్పుడు అది లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యూసెన్‌కు రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి హోహెన్‌ష్వాంగౌకు బస్సు, పైకి నడిస్తే మరో అరగంటకు పైనే. మధ్యాహ్నం 2 తర్వాతి సమయం పెట్టుకుంటే పెద్దవాళ్లకు ఆయాసం ఉండదు. టికెట్ మీది సమయం దాటితే లోపలికి పంపరు. బయర్న్ టికెట్ మీద ప్రయాణికుల పేర్లు ఉండాలి. మెషీన్‌లో కొన్న కాగితం టికెట్ అయితే రైలు ఎక్కకముందే పెన్నుతో రాసుకోవాలి.