వచ్చిన ఏనుగులు ఇక మనవే

పార్వతీపురం మన్యం జిల్లాలో ఒడిశా అడవుల నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస, భామిని మండలాల్లో చెరకు, అరటి, వరి కనబడితే వదలవు. మనుషుల ప్రాణాలూ పోయాయి. 2023 మేలో భామిని మండలంలో కరెంటు షాక్‌కు నాలుగు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. అయినా అధికారుల ఆలోచన ఒక్కటే: వీటిని ఎలాగైనా ఒడిశాకు తోలేయాలి. తోలితే వెళ్తున్నాయి, మళ్లీ వస్తున్నాయి.

ఇవి పరాయివి కావు. కళింగ ఏనుగులు మేలుజాతివని కౌటిల్యుడు ఏనాడో రాశాడు. మన ఉత్తరాంధ్ర ఆ కళింగంలోదే. మధ్యలో కనుమరుగైన జంతువు పిలవకుండా తిరిగొస్తే ఏం చేయాలో మనం ఇంకా తేల్చుకోలేదు. బ్రిటన్ తేల్చుకుంది.

అక్కడ బీవర్లను (వాగులకు కొమ్మలతో అడ్డుకట్టలు కట్టే జంతువులు) బొచ్చు కోసం, మాంసం కోసం వేటాడి దాదాపు 400 ఏళ్ల క్రితం తుడిచిపెట్టారు. ఈ శతాబ్దంలో అవి ముందు స్కాట్లాండ్‌లోని టే నది పరీవాహకంలో, తర్వాత ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతపు ఆటర్ నదిలో ప్రత్యక్షమయ్యాయి. ఏ అనుమతీ లేదు. 2014లో ఆటర్ నదిలో బీవర్ పిల్లలు కనిపించగానే వాటిని పట్టి తరలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. స్థానికులు ఒప్పుకోలేదు. దాంతో 2015లో వాటిని పట్టి, రోగాలు లేవని పరీక్షించి, అదే నదిలో వదిలి ఐదేళ్లు గమనించారు. 2020లో శాశ్వతంగా ఉండనిచ్చారు.

ఆ ఐదేళ్లలో చేసిన పని మాకు ముఖ్యంగా తోస్తోంది. బీవర్ కట్టిన అడ్డుకట్ట వల్ల నీళ్లు పొలంలోకి ఎక్కితే, ఆ కట్టలోంచి ఒక పైపు దించి, మూతికి ఇనుప వల బిగిస్తారు. నీటి మట్టం తగ్గుతుంది, కట్ట అలాగే ఉంటుంది. పెద్ద ఖర్చేమీ కాదు. రైతు పిలిస్తే వచ్చే మనిషి ఉండాలి, అంతే. స్కాట్లాండ్‌లో కథ ఇంత సాఫీగా సాగలేదు. 2019లో రక్షణ చట్టం వచ్చిన ఏడాదే లైసెన్సుల మీద 87 బీవర్లను చంపారు. చంపడం కంటే వేరే చోటికి తరలించడానికే ప్రాధాన్యమివ్వాలని 2021లో విధానం మార్చుకోవాల్సి వచ్చింది.

బీవర్ మనిషిని తొక్కి చంపదు, ఏనుగు చంపుతుంది. రాత్రి కాపలాకు పొలానికి వెళ్లిన భర్త తిరిగి రాని ఇంట్లో ‘ఈ ఏనుగులు మనవే’ అని చెప్పడం తేలిక కాదని మాకు తెలుసు. అందుకే నిర్ణయం ఇంకా త్వరగా జరగాలి. ‘రేపో మాపో పోతాయి’ అనుకున్నంత కాలం కిందికి వేలాడే కరెంటు తీగలను ఎవరూ పైకి లాగరు, ఏనుగుల జాడ కనిపెట్టే ట్రాకర్లకు పక్కా ఉద్యోగం ఉండదు, నష్టపోయిన రైతు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

విశాఖలో కూర్చుని జూలో ఏనుగును చూసి మురిసిపోయే మనం ఈ భారమంతా మన్యం రైతు ఒక్కడి మీదే వేయడం అన్యాయం. ఈ ఏనుగులు ఇక్కడే ఉంటాయని ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలి. పంట పోయిన నెలలోపే డబ్బు రైతు ఖాతాలో పడాలి. ఏనుగులు తిరిగే దారుల్లోని కరెంటు లైన్లన్నీ వచ్చే వరి కోతల్లోపు సరిచేయాలి.