మత్తు అన్న మాటే దారి తప్పిస్తోంది

డ్రగ్స్ అనగానే మన నోట వచ్చే మాట మత్తు. సారాకు, గంజాయికి అది సరిపోతుంది. మెథాంఫెటమైన్ (మెథ్), ఎండీఎంఏ, మెఫెడ్రోన్ అనే డ్రగ్స్‌కు సరిపోదు. ఇవి జోకొట్టవు, నిద్రను తరిమేస్తాయి. కొడుకు తూలుతున్నాడా, కళ్లు మూతలు పడుతున్నాయా అని చూసే అనంతపురం తల్లికి అందుకే అనుమానం రాదు. మూతపెట్టిన సంగటి తెల్లారినా కంచంలో అలాగే ఉంటుంది. వాడు అర్ధరాత్రి రెండింటికి పళ్లు కొరుకుతూ బీరువా సర్దుతుంటాడు. పరీక్షల టెన్షన్ కాబోలు అనుకుంటుంది.

44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరు మనకు నాలుగు గంటలు. అక్కడ చదివే పిల్లలు తమలో తాము వేసుకునే ప్రశ్న ఒకటుంది: వీటిలో ఏది కాస్త నయం? కసిరి ఊరుకుంటే లాభం లేదు, జవాబు చెప్పాలి.

మెఫెడ్రోన్ రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. నయమే అనిపిస్తుంది. ఉచ్చు అక్కడే ఉంది. దిగగానే ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి అంటూ తెల్లారేసరికి లెక్క తప్పుతుంది. ఎండీఎంఏ నాలుగు నుంచి ఆరు గంటలుండి ఒంటి వేడిని పెంచుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన సీమలో, గాలాడని గదిలో గంతులేస్తే ఆ వేడే ప్రాణం తీయగలదు. భయపడి ఆపకుండా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదో గండం. మెథ్ ఎనిమిది నుంచి పన్నెండు గంటలు వదలదు. గుండెపోటు, పక్షవాతం, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ అన్నీ దాని వెనకే వస్తాయి. హెరాయిన్ మోతాదు మించితే నాలోక్సోన్ ఉంది, వీటికి అలాంటి విరుగుడు లేదు. అయినా పొట్లంలో ఉన్నది అమ్మినవాడు చెప్పిన సరుకేనని ఎవరు చూశారు? ఎండీఎంఏ పేరుతో మెఫెడ్రోన్ అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలే.

చట్టం కూడా వీటిని ఒకే గాటన కట్టలేదు. మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కింద వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద శిక్ష మొదలయ్యే హద్దు, మెథ్‌కు 50 గ్రాములు, ఎండీఎంఏకు 10 గ్రాములే. అంత దొరికితే కనీసం పదేళ్ల జైలు. అవగాహన సభల్లో ఈ భయం చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. కొద్ది పరిమాణంతోనో, వాడుతూనో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తానుగా చికిత్సకు వచ్చి పూర్తిగా చేయించుకుంటే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. దాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. కాలేజీ గేటు దగ్గర రాష్ట్ర పోలీసుల డ్రగ్స్ నిరోధక విభాగం ఈగిల్ నంబరు 1972 రాసే బోర్డు మీదే రెండు వాక్యాల్లో తెలుగులో రాయవచ్చు. ఒళ్లు కాలిపోతున్న స్నేహితుణ్ని ఆటోలో వేసుకొచ్చిన కుర్రాడు కేసు భయంతో ఆస్పత్రి గుమ్మంలో నీళ్లు నమలకుండా, ఏం వేసుకున్నాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పగలగాలి.