స్టెప్స్ రాసిన పిల్లకి సున్నా అట!

మా చెల్లి కూతురు ద్వారకానగర్‌లో ట్యూషన్‌కి వెళ్తుంది. ఎనిమిదో తరగతి. ఇందాక ఏడుస్తూ వచ్చి టెస్ట్ పేపర్ చేతిలో పెట్టింది. అది చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

లెక్క ఇదీ: దీర్ఘచతురస్రం చుట్టుకొలత 36 మీటర్లు. వెడల్పు కంటే పొడవు 4 మీటర్లు ఎక్కువ. వైశాల్యం ఎంత?

పిల్ల బొమ్మ గీసింది. వెడల్పు ఎక్స్, పొడవు ఎక్స్ + 4 అని రాసింది. చుట్టుకొలతలో సగం 18 కాబట్టి ఆ రెండూ కలిపితే 18 అంది. రెండు వైపులా 4 తీసేసి, రెండు ఎక్స్‌లు 14, ఒక ఎక్స్ 7 అని తేల్చింది. వెడల్పు 7, పొడవు 11. కలిపితే 18 వస్తోందా అని మూలన సరిచూసుకుంది కూడా! చివరి లైన్లో మాత్రం తొందరపడి 7 × 11 = 78 అని రాసేసింది.

అంతే, లెక్క మొత్తం మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత. సున్నా. పక్కనున్న అబ్బాయి ఒక్క ముక్క రాయకుండా 77 అని పెట్టాడు. వాడికి నాలుగుకి నాలుగు!

ఫోన్ చేసి అడిగితే సార్ ఏమన్నారో తెలుసా? "జేఈఈలో స్టెప్స్ ఎవరు చూస్తారండీ, ఇప్పట్నుంచే అలవాటవ్వాలి" అన్నారు. జేఈఈ మెయిన్‌లో జవాబు సరైతే 4, తప్పైతే మైనస్ 1, నిజమే. కానీ పిల్ల ఎనిమిదిలో ఉందండీ! దానికంటే ముందు రాయాల్సిన టెన్త్ పబ్లిక్‌లో స్టెప్స్‌కి మార్కులున్నాయి కదా.

ఇలా తయారైన పిల్లల్ని ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అడిగి చూడండి. ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అనేస్తారు. 3, 4 పెట్టి చూడమంటే 25 అంటారు. రావాల్సింది 49. మిగతా 24 ఏమైనట్టు? భుజం 7 ఉన్న చతురస్రం గీసి, పక్కపక్క భుజాలను 3, 4గా విడగొట్టి గీతలు లాగితే కళ్లకు కనబడుతుంది. ఒక మూల 9, ఎదురు మూల 16, మిగిలినవి 12 చొప్పున రెండు దీర్ఘచతురస్రాలు. ఐదు నిమిషాల పని. ఎవరు గీయిస్తున్నారు? జామెట్రీ బాక్స్‌లో వృత్తలేఖిని కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటోంది.

పెందుర్తిలో మా ఇంటి పునాదికి మేస్త్రి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య టేపు పట్టాడు. సరిగ్గా 5 వచ్చేదాకా దారం జరుపుతూనే ఉన్నాడు. మూల లంబకోణం కావాలంటే అంతే మరి. మన పిల్లలకేమో 3, 4, 5 అంటే బట్టీ పట్టాల్సిన అంకెలు.

నా కడుపుమంట ఇవాళ్టిది కాదులెండి. ఇంటర్‌లో నేను లేచి నిలబడి, "త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలే ఎందుకొస్తుంది సార్" అని అడిగాను. "ఎంసెట్‌లో ఎందుకు అని అడగరు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత ఆ కాలేజీలో నేను మళ్లీ నోరు తెరిచి ఏదీ అడగలేదు.

త్రిభుజం పై మూల గుండా, భూమికి అంటే కింది భుజానికి సమాంతరంగా ఒక గీత గీయాలి. కింది రెండు కోణాలకూ సమానమైన ఏకాంతర కోణాలు పైకోణానికి చెరోపక్కనా ఏర్పడతాయి. మూడూ కలిసి ఒక సరళరేఖ మీద కూర్చుంటాయి, 180. ఇంతే! బోర్డు మీద ఆ ఒక్క గీత గీయడానికి మా నాన్న అప్పుచేసి కట్టిన రెండేళ్ల ఫీజు చాలలేదా?