19.4 నుంచి 22కి ఎన్ని హైమాస్ట్ లైట్లు?

ఒడిశాలోని గంజాం జిల్లాలో, సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రుషికుల్య నది మొగ దగ్గర ఒక సారు ఇసుకలో నిలబడి, ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలిచే, అరచేతిలో ఇమిడే మీటరు పైకి చూపించి బటన్ నొక్కాడనుకోండి. 19.4 అని ఎర్రంకెలు వెలిగాయి.

"ఎంతుండాలి?"

"కల్తీలేని చీకటైతే 22 ఉంటుంది సార్."

సారు గడ్డం గోక్కుని, "అయితే 2.6 తక్కువ పడ్డాం. ఎన్ని హైమాస్ట్ లైట్లు వేయిస్తే 22 అందుకుంటాం?" అన్నాడు.

నవ్వకండి, ఎస్టిమేటు తయారైపోతుంది. స్తంభాలు రెండు, ఫ్లడ్‌లైట్లు డజను, కరెంటు బిల్లు పంచాయతీది. లైట్లు వెలిగాక మళ్లీ కొలిస్తే 18.1. సారుకి మీటరు మీద అనుమానం. 9 వోల్టుల బ్యాటరీ మార్చారు. 17.9. ఇక కావలసింది మూడో స్తంభమేనని తేలిపోయింది.

పాపం, మాగ్నిట్యూడ్ సంగతి సారుకి ఎవరు చెప్పాలి? నక్షత్రాల్లో బాగా మెరిసేది ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆననిది ఆరో తరగతి అని రెండు వేల ఏళ్ల కిందటి గ్రీకులు పెట్టిన వరసే నేటికీ నడుస్తోంది. మీటరు చూపేదీ ఆ వరసే, అంకె పెరిగే కొద్దీ చీకటి. ఒక్క అంకెకి సుమారు రెండున్నర రెట్లు, అయిదు అంకెలకి వంద రెట్లు తేడా. 19.4 అంటే సహజమైన ఆకాశానికి పదకొండు రెట్ల వెలుగన్నమాట.

కొలిచే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. సూర్యాస్తమయమైన గంటా పావు దాకా సంధ్య వెలుగు పూర్తిగా పోదు. సారు ఏడింటికి భోజనానికి వెళ్లాలి కాబట్టి ఆరుంబావుకే కొలత. చంద్రుడు ఉన్నాడా లేడా అన్నది పంచాంగం చూసేవాళ్ల గొడవ. మొదటి రీడింగు వదిలేసి, నాలుగైదు తీసి సగటు కట్టాలి. చీకటి చిక్కబడే కొద్దీ మీటరుకి ఎక్కువ సేపు పడుతుంది. ఆ కాసేపు ఆగలేక పక్కాయన ఫోన్ టార్చి వేసి "వచ్చిందా?" అని తొంగిచూస్తాడు. లెన్సు లేని మోడలైతే నలభై డిగ్రీల పక్కనున్న దీపాన్ని కూడా మింగేస్తుంది. అందుకే దాన్ని తెచ్చి సరిగ్గా టీ కొట్టు బల్బు పక్కనే పట్టుకుంటారు.

మీటరు కొనడం దండగ, ఫోన్‌లో వెలుగుని లక్సుల్లో కొలిచే యాప్ ఉందిగా అనే మేధావులు వేరే ఉన్నారు. నిండు పున్నమి వెలుగే సుమారు పావు లక్సు. చుక్కల వెలుగు అందులో వందో వంతు కూడా ఉండదు. చాలా ఫోన్లకి పున్నమీ సున్నాయే, అమావాస్యా సున్నాయే.

సరే, అన్నీ సవ్యంగా చేసి 20.8 తెచ్చారే అనుకుందాం. అది నడినెత్తిన ఉన్న ఆకాశానిది. తాబేలు పిల్ల తలెత్తి నడినెత్తికేసి చూస్తుందా? గుడ్లు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకి గుడ్డు పగిలి, రాత్రిపూట ఇసుక తోసుకుని బయటికొచ్చి, నేలకి ఆనుకుని ఎటు వెలుగుంటే అటు పాకుతుంది. లక్షల ఏళ్లుగా ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడు సరుగుడు తోటల వెనక దీపాలది. ఏ మీటరునీ ఆ వైపు తిప్పరు, ఏ ఫారంలోనూ దానికి గడి ఉండదు. తాబేలు పిల్లలు బయటికొచ్చే రెండు వారాలు దీపాలార్పడానికి మీకేం రోగం? ఆర్పలేకపోతే వెలుగు కిందికే పడేలా ఒక రేకు డొప్ప బిగించడానికి చేతులు రావా? పిల్లలు ఊళ్లవైపు పోకుండా అడ్డంగా వలలు కట్టి, బకెట్లకెత్తి, నీళ్లలో వదిలేది నోళియా జాలర్ల కుర్రాళ్లు. దొరకనివి తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ. మీకు మాత్రం 20.8, సంతకం, స్టాంపు!

ఇంతకీ సారుకి మంచి అంకె ఒకసారి వచ్చింది. గాలివానకి తీరమంతా కరెంటు పోయి, మబ్బు విడిచిన రాత్రి మీటరు 21.3 చూపించింది. రిమార్కుల గడిలో ఇలా రాశాడు: "విద్యుత్ సరఫరా లేనందున కొలత సరిగా రాలేదు. లైట్లు వచ్చాక మళ్లీ తీయవలెను."