కూతురికిస్తే అల్లుడిపాలేనా?

మా గుణుపురం బంధువుల గ్రూపులో ఈ వారం నాలుగోసారి అదే మెసేజ్: "ఒడిశా ఆడరైతుల అసలు కథ, చదివి పదిమందికి పంపండి." మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి ఫోను బోర్లా పెట్టాను. నాలుగోసారి పంపింది మా బాబాయే. అందుకే ఈ జవాబు.

యునెస్కో మన ఆడరైతులకి ప్రపంచంలో మొదటి ర్యాంకు ఇచ్చిందట. ఇవ్వలేదు. ఐక్యరాజ్యసమితి 2026ని మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది, అంతే. దాని కింద కమలా పుజారి ఫొటోకి ఇంకెవరిదో పేరు పెట్టారు. కొరాపుట్ వైపు నాటు వరి విత్తనాలు కాపాడి 2019లో పద్మశ్రీ అందుకున్న మనిషి ఆవిడ. 2024లో పోయింది. పేరైనా సరిగ్గా రాయండి.

"సుభద్ర డబ్బులొచ్చాక ఆడవాళ్ళు కూలికి రావడం లేదు." సుభద్ర అంటే ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళ ఖాతాల్లో వేసే సాయం. ఏడాదికి 10,000, అదీ రెండు విడతల్లో. 365తో భాగించండి. రోజుకి 27 రూపాయలు. ఆ 27 చూసుకుని మంచం దిగడం లేదట! ఉభాల (వరినాట్ల) రోజుల్లో మనుషులు దొరకడం లేదంటే, ఊళ్ళో అందరి మళ్ళకీ ఒకే వారంలో నీళ్ళొచ్చాయి కాబట్టి.

"చోళ్ళు వేసి రాయగడ ఆడవాళ్ళు లక్షాధికారులయ్యారు." చోళ్ళంటే రాగులే. 2017లో ఒడిశా ప్రభుత్వ మిల్లెట్ మిషన్ మొదలైన ఏడు జిల్లాల్లో రాయగడ, గజపతి రెండూ ఉన్నాయి. మద్దతు ధర అప్పుడు క్వింటాలుకి 1,900, 2025-26లో 4,886. మంచిదే, కాదనను. ఎకరాకి ఐదు క్వింటాళ్ళు పండాయనుకుందాం. పాతిక వేలు రావు. అందులోంచి కలుపు కూలి తీయండి. ఆ లక్షాధికారి ఎవరో నాక్కూడా పరిచయం చెయ్యండి.

ఇక నా నిద్ర చెడగొట్టిన ముక్క ఇది: "దున్నేవాడే రైతు. ఆడవాళ్ళు సాయం చేస్తారు. వాళ్ళ పేరున భూమి పెడితే కూతురిది అల్లుడిపాలు, కోడలిది పుట్టింటిపాలు. వంశం భూమి చెదిరిపోతుంది."

దున్నడం ఇప్పుడు ట్రాక్టరుకి ఒక పూట పని. ఆ లెక్కన రైతంటే ట్రాక్టరు డ్రైవరు. ఆకు (నారు) తియ్యడం, ఉభాలు, కలుపు, కోత, కళ్ళంలో తూర్పారబట్టడం, ఇదంతా సాయం! 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే ఆడవాళ్ళలో 65 శాతం సొంత సాగులోనో, వ్యవసాయ కూలిలోనో ఉన్నారు. 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ళ పేరున లెక్కకొచ్చిన కమతాలు మాత్రం 14 శాతం లోపే.

పట్టాలో పేరు లేకపోతే ఏమవుతుందో మా పిన్నిని అడగండి, మా అమ్మ చెల్లెల్ని. చిన్నాన్న పోయి ఆరేళ్ళు. రెండెకరాలు ఆవిడే చేస్తోంది. పట్టా ఇంకా మామగారి పేరునే ఉంది, ఆయనా లేడు. అందుకని పీఎం కిసాన్ 6,000 ఆవిడకి రాదు. మండిలో ధాన్యం మరిది పేరున తూస్తారు. మద్దతు ధర మీద రాష్ట్రం క్వింటాలుకి వేసే 800 కూడా ఆయన ఖాతాలోకే వెళ్తుంది. ఆయన ఇవ్వడని కాదు, ఇస్తాడు. కానీ అడగాలి. ప్రతి పంటకీ వెళ్ళి అడగాలి.

వంశం గురించి అంత బెంగ ఉన్నవాళ్ళు హిందూ వారసత్వ చట్టం ఒక్కసారి తిరగేశారా? భర్త పోతే భార్యకి కొడుకులతో సమానంగా వాటా 1956 నుంచీ ఉంది. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో హక్కు 2005లో వచ్చింది. అలా వచ్చిన భూమి ఆమెది, అల్లుడిది కాదు. ఆమె పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా పోతే? పుట్టింటి నుంచి వచ్చింది తండ్రి వారసులకే తిరిగొస్తుంది, అత్తింటిది భర్త వారసులకే పోతుంది. 15వ సెక్షన్. పిల్లలుంటే వాళ్ళతోపాటు అల్లుడికీ వాటా వస్తుంది, నిజమే. ఆ పిల్లలు మీ మనవలు కారా? కొడుకు పొలం తాకట్టు పెట్టి బైకు కొన్నప్పుడు వంశం ఎక్కడికెళ్ళింది? (సవర, కోదు గిరిజనుల ఇళ్ళకి ఈ చట్టం వర్తించదు, వాళ్ళ సంగతి వేరే రాయాలి. కానీ 2006 అడవి హక్కుల చట్టం కింద వాళ్ళకిచ్చే పట్టాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరి పేర్లూ ఉండాలి. దాంతో ఏ కొంపా మునగలేదు.)

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "చట్టం ఇచ్చినా ఆడపిల్లలు వాటా అడగరు. వాళ్ళకి పుట్టిల్లు కావాలి." ఇది నిజం. నేనూ అడగలేదు. నాన్న పోయాక అన్నయ్య కాగితం తెస్తే, ఒడియాలో ఏం రాశారో పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టాను. మా నాయనమ్మకి పసుపు కుంకుమ కింద పావెకరం ఇచ్చారట. నాకు ఏటా సంక్రాంతికి చీర వస్తుంది, మంచి చీరే. వదిన బాగానే చూస్తుంది. కాబట్టి ఈ వాక్యం రాసినవాణ్ణి తిట్టే నోరు నాకు లేదు.

బాబాయ్, పట్టా పిన్ని పేరుకి మార్చే మ్యుటేషన్ కాగితాల మీద ఆడపడుచులిద్దరూ సంతకాలు పెట్టేశారు. మిగిలింది ఆవిడ మరిదివి, నీదే. సోమవారం పొద్దున్న బండికి పర్లాకిమిడి నుంచి వస్తున్నాను, కాగితం నా దగ్గరే ఉంది. కళ్ళద్దాలు వెతికి పెట్టుకో.